టోపీగుల్లలు

కళింగపట్నం దీపస్తంభం కనుమరుగయ్యాక
ఇంకో మూడు గంటలు బోటు నడిపితే
ఆ చోటు వస్తుంది.
రెండు వందల బారల లోతు.
వల అడుక్కి చేరేలోగా
ఒక కట్ట బీడీలు అయిపోతాయి.

ఆ రాత్రి వలలో రొయ్య లేదు.
మనిషంత కొయ్య వచ్చింది.

"వలంతా సింపీసింది, తోసీండ్రా దాన్ని!"
తండేలు సూరాడ గురువులు అరిచాడు.
తోయబోయి, చెయ్యి పెట్టి, ఆగాను.
కొయ్య నిండా
మినపగింజంత తెల్లటి టోపీలు.
ఎండలో తెడ్డు వేసేవాడి తాటాకు టోపీని
ఎవరో ఉడకబెట్టి కుదించినట్టు.
వేలితో నెడితే కదలవు.
గోరు పెడితే ఇంకా కరుచుకుంటాయి.

సర్వేకని మాతో వచ్చిన గేదెల ఇందుమతి,
మూడు రోజులుగా వాంతులతో సగమైపోయిన పిల్ల,
గబుక్కున లేచి కూర్చుంది.
టార్చి తెమ్మంది.
"లింపెట్లు. వీటికి కళ్ళుండవు."
అక్కడ చూడ్డానికి ఏముందిలే, అన్నాను.
"తినడానికి ఉంది," అంది.

ఆమె చెప్పిందంతా అర్థమైందని అనను.
నాకు అందింది ఇంత:
అక్కడ పొద్దు లేదు, పచ్చన లేదు,
పైనుంచి పడిందే బువ్వ.
మహేంద్రగిరి వాలులో కూలిన మాను
వరదకి వంశధారలో దొర్లి
మొగ దాటి, నానీ నానీ బరువెక్కి
ఏ రాత్రో మునిగితే
అడుగున దాని చుట్టూ ఒక ఊరు వెలుస్తుంది.
ముందు తొలిచేవి వస్తాయి,
వాటి వెనక బూజు,
ఆ బూజుని ఈ టోపీవాళ్ళు
ఆకురాయి లాంటి నాలుకతో
గీకి, గీకి, గీకి బతుకుతారు.
వీళ్ళు వదిలిన పొట్టు ఇంకొకరికి గంజి.
వీళ్ళని తినేవాళ్ళు
చీకట్లో తొందర లేకుండా వస్తారు.
తిమింగలం ఎముక మీద వీళ్ళ చుట్టాలున్నారట,
సొర గుడ్డు ఖాళీ తొడుగులో కూడా
ఎవరో కాపురం ఉంటారట.

కొయ్య అయిపోయాక?
"పిల్లలు నీళ్ళలో కొట్టుకుపోతాయి.
ఇంకో కొయ్య దొరికితే దొరికినట్టు."
మావాళ్ళు వీరావల్ వెళ్ళినట్టు, అనుకున్నాను.

అప్పుడు టార్చి పక్కకి జరిగింది.
కొయ్య కొసన ఒక బొక్క.
పురుగు తొలిచింది అంత గుండ్రంగా ఉండదు.
కొబ్బరితాడు ఏళ్ళ తరబడి ఒరిసి
నునుపు చేసిన బొక్క.
తెప్ప దుంగ అది.

ఫైబరు పడవలు రాకముందు
బందరువానిపేటలో ప్రతి ఇంటి తెప్పకీ
అలాంటి బొక్కే.
మా మేనమామ మైలపల్లి కారయ్య
తెప్ప మీద యాటకెళ్ళి రాలేదు.
నాకప్పటికి ఆరేళ్ళు.
ఇది అతనిదే అని నేను అనను.
అలా రానివాళ్ళు మా పేటలోనే పదకొండు మంది.
గురువులు వచ్చి బొక్కలో వేలు పెట్టి చూశాడు.
వల సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇందుమతి నాలుగు టోపీలు సీసాలో వేసుకుంది.
అయిదోది వద్దమ్మా, అన్నాను.
ఎందుకన్నానో.

నలుగురం పట్టి అంచు దాకా మోశాం.
"ఏ పక్క పైకుండీదో?" గురువులు అడిగాడు.
ఎవరికీ తెలీదు.
టోపీలు ఎక్కువున్న పక్క పైకా, కిందకా?
చదువుకున్న పిల్ల కూడా తల అడ్డంగా ఊపింది.
చివరికి బొక్క ఉన్న కొస ముందుగా వదిలాం.
తేలుతుందేమో అని చూశాను,
తెప్ప కదా, చిన్నప్పటి అలవాటు.
తేల్లేదు.
మనసులో బారలు లెక్కపెట్టాను.
నలభై దాకా గుర్తుంది,
తర్వాత ఇంజను మోత.

ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుంటుంటే
బొటనవేలి గోటి కింద ఒక టోపీ.
ఖాళీది. ఉల్లిపొర కన్నా పల్చన.
పోలమ్మ నా చెయ్యి పట్టుకుని చూసింది.
పోలమ్మ నా పెళ్ళాం. కారయ్య కూతురు.
"అదేటి?"
బొక్క మాట చెప్పలేదు.
"అడుగున నానిన కొయ్యని తినీసేది," అన్నాను.
"తిన్నీ," అంది
పీతల గంప మీద తడిగోనె కప్పుతూ,
"మరి ఊరికే కుళ్ళిపోవాలా ఏటి?"